పర్యావరణం బొమ్మలకు ఫ్లెక్సీ స్వాగతమా?

అయ్యా,

అమెరికాలో స్థిరపడిన మన ప్రాంతపు చిత్రకారిణి ఒకరు ఈమధ్య విజయవాడలో పర్యావరణం మీద పెట్టిన బొమ్మల ప్రదర్శన చూశాను. కొల్లేరు గూడబాతులు, అమరావతి శిల్పాల్లోని పద్మాలు బాగున్నాయి. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం రంగులే. పసుపు దానిమ్మ తొక్కలది. నలుపేమో ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసింది. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన గుడ్డ మీద పడితేనే అది నల్లగా తేలుతుంది. ఇదంతా కృష్ణా జిల్లా పెడనలో బట్టల మీద బొమ్మలు అద్దే కలంకారీ పనివాళ్ల విద్య. ఆ మాట ఆవిడే చెప్పారు. కానీ హాల్లో ఎక్కడా పెడన పేరు లేదు, వివరాలన్నీ ఇంగ్లిషులోనే.

గేటు దగ్గర మాత్రం నిలువెత్తు ప్లాస్టిక్ ఫ్లెక్సీ! గుడ్డ బ్యానర్లు రాసే ఆర్టిస్టులు ఊళ్లో దొరకరా?

గుడివాడలో పుట్టి, 1962లో లండన్ వెళ్లి, తర్వాత షికాగోలో స్థిరపడిన చిత్రకారుడు ఎస్వీ రామారావు గారి బొమ్మల్నే మన పిల్లల్లో ఎంతమంది చూశారు? విదేశాల నుంచి వచ్చే కళాకారుల ప్రదర్శనలకు స్కూలు పిల్లల్ని పిలవాలి. పక్కనే పెడన పనివాళ్లను కూర్చోబెట్టి, కూలీ ఇచ్చి, రంగు తీయడం చూపించాలి. వివరాలు తెలుగులోనూ రాయాలని నిర్వాహకులకు మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ