వానలకు ముందే ఒకసారి రీస్టోర్ చేసి చూడండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో, మిల్లుల్లో, ఆస్పత్రుల్లో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టుకుంటున్నారు. అయితే పాత సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద చాలాసార్లు ఎక్కదు. పుట్టి లెక్కన ధాన్యం కొనే మిల్లుకు ఎప్పుడో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న ప్రోగ్రామే కావాలి. చీమకుర్తి గ్రానైట్ లారీలు తూచే కాటాకు విండోస్ ఎక్స్‌పీలో నడిచేదే కావాలి. పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సుకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేనిదే పొద్దు గడవదు. అందుకని కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ లాంటిది (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, దాని లోపల పాత విండోస్‌ను ఉన్నదున్నట్టుగా కూర్చోబెడుతున్నారు. ఉపాయం మంచిదే. బ్యాకప్ పద్ధతి మాత్రం టాలీ ఫోల్డరును పెన్ డ్రైవులో పడేసుకునే రోజుల దగ్గరే ఆగిపోయింది. ఈశాన్య రుతుపవనాలు మన తీరాన్ని తాకేలోగా వ్యాపారులు తమ కాపీల నుంచి లెక్కలు తిరిగి లేపి (దీన్నే రీస్టోర్ అంటారు) సరిచూసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఇలా లోపల నడిచే కంప్యూటర్‌ను వర్చువల్ మెషిన్ అంటారు. బయటినుంచి చూస్తే అది ఒక ఫోల్డరు, అంతే. అందులో యాభై అరవై జీబీల డిస్కు ఫైలు ఒకటి ఉంటుంది. వర్చువల్‌బాక్స్‌లో దాని పేరు చివర వీడీఐ అని కనిపిస్తుంది. ర్యామ్ ఎంత, నెట్‌వర్క్ కార్డు ఏది, కాటా లాంటి పరికరాల వైరు తగిలే కామ్ పోర్టు ఏది అనే వివరాలు చిన్న వీబాక్స్ ఫైలులో ఉంటాయి. వీటి పక్కనే స్నాప్‌షాట్స్ అని ఇంకో ఫోల్డరు ఉండొచ్చు. దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

స్నాప్‌షాట్ అంటే మెషిన్ ఆ క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టి, కావాలంటే అక్కడికి వెనక్కి వెళ్లే ఏర్పాటు. అది తీస్తే బ్యాకప్ తీసినట్టే అనుకుంటారు. అది కానే కాదు. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి అసలు డిస్కు ఫైలులో ఇక ఏమీ రాయరు. ఆ తర్వాత కొట్టిన ప్రతి బిల్లూ స్నాప్‌షాట్స్ ఫోల్డరులో పుట్టిన కొత్త ఫైలులోకి పోతుంది. ఆ కొత్త ఫైలులో ఉండేది మారిన ముక్కలే, మిగతాదంతా పాత ఫైలులోనే. రెండూ ఒకే డిస్కు మీద ఉంటాయి కాబట్టి డిస్కు పోతే రెండూ పోతాయి. ఇంతకన్నా మెత్తగా ముంచేది ఇంకొకటుంది. ఉగాదికి స్నాప్‌షాట్ తీశారనుకోండి. దసరాకు ఆ పెద్ద వీడీఐ ఫైలు ఒక్కటే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేశారు. ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే విండోస్ వస్తుంది, ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, ఏ ఎర్రరూ రాదు. లెక్కలు మాత్రం ఉగాది నాటికి ఆగిపోయి ఉంటాయి. ఆరు నెలల బిల్లులు ఆ కాపీలోకి రానే లేదు.

దీన్ని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఫోల్డరు తెరిచి వీడీఐ ఫైలు ఎదురుగా డేట్ మాడిఫైడ్ చూడండి. నిన్న సాయంత్రం దాకా పనిచేసిన మెషిన్‌కు ఎప్పటిదో తేదీ కనిపిస్తే, తాజా లెక్కలు పక్క ఫోల్డరులో ఉన్నట్టు. అప్పుడు మెషిన్ ఫోల్డరు మొత్తం కాపీ చేయాలి. స్నాప్‌షాట్ అవసరం తీరిందనుకుంటే ముందు ఆ పూర్తి కాపీ చేతిలో పెట్టుకుని, ఆ తర్వాత వర్చువల్‌బాక్స్ కిటికీలోంచే దాన్ని డిలీట్ చేయాలి. అలా చేస్తే మారిన ముక్కలు అసలు ఫైలులో కలుస్తాయి. అందుకు డిస్కులో ఖాళీ కావాలి, సమయమూ పడుతుంది, మధ్యలో కరెంటు పోకూడదు. జాగా చాలడం లేదని ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్లి స్నాప్‌షాట్స్ ఫోల్డరులోని ఫైలును చేత్తో తీసేశారా, ఆ ఆరు నెలలూ పోయినట్టే. మైక్రోసాఫ్ట్ వారి ఇలాంటి సాఫ్ట్‌వేరే అయిన హైపర్-వీలో ఇదే సంగతిని చెక్‌పాయింట్ అంటారు, ఫైలు పేరు చివర ఏవీహెచ్‌డీఎక్స్ అని ఉంటుంది. పేరు వేరైనా ప్రమాదం అదే.

రెండో తప్పు, మెషిన్ నడుస్తుండగానే కాపీ కొట్టడం. అరవై జీబీల కాపీకి పది నిమిషాలు పట్టిందంటే, ఫైలు మొదటి భాగం పదింటిదీ చివరి భాగం పదీ పదిదీ అవుతుంది. ఈ మధ్యలో లోపలి విండోస్ రాస్తూనే ఉంటుంది. ఫాక్స్‌ప్రో లాంటి వాటిలో లెక్కలుండే టేబుల్ ఒక ఫైలు, వాటిని వెతికిపెట్టే ఇండెక్సు ఇంకో ఫైలు. ఒకటి పాతదీ ఇంకొకటి కొత్తదీ అయితే తెరిచే వేళకు ఇండెక్సు చెడిందని మొరాయిస్తుంది. వర్చువల్ మెషిన్‌ను నడిపే అసలు కంప్యూటర్ డిస్కు మొత్తానికి నకలు (ఇమేజ్) తీసే సాఫ్ట్‌వేర్లు ఆ క్షణానికి డిస్కును స్తంభింపజేసి తీస్తాయి, నిజమే. కానీ వర్చువల్‌బాక్స్ లోపలి విండోస్‌కు ఆ కబురు అందదు. ఆ ఇమేజ్‌లోని మెషిన్, నడుస్తుండగా కరెంటు పోయిన మెషిన్‌తో సమానం. చాలాసార్లు లేస్తుంది, కానీ దాని మీద పూచీ పెట్టుకోలేం.

కాబట్టి షాపు కట్టే వేళకు లోపలి విండోస్‌ను స్టార్ట్ మెనూ నుంచి షట్‌డౌన్ చేయండి. కిటికీ మూసేటప్పుడు అడిగే సేవ్ స్టేట్ వద్దు. అది ర్యామ్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టు దాస్తుంది. రేపు వేరే ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ మీద అది మేలుకోకపోవచ్చు. మెషిన్ పూర్తిగా ఆగాక రెండు దారులున్నాయి. ఫోల్డరు మొత్తం కాపీ చేయడం ఒకటి. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ నొక్కి ఓవీఏ అనే ఒకే ఫైలుగా తీయడం రెండోది. ఓవీఏ కుదించి ఉంటుంది కాబట్టి చోటు తక్కువ పడుతుంది, వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లడం తేలిక. స్నాప్‌షాట్లు మాత్రం అందులోకి రావు, ప్రస్తుత స్థితి ఒక్కటే వస్తుంది. మా సలహా ఇది: రోజూ లోపలి డేటా ఫోల్డరు ఒక్కటే, వారానికోసారి మెషిన్ ఫోల్డరు మొత్తం, నెలకోసారి ఓవీఏ. రోజువారీ డేటా కొద్దిపాటిదే కాబట్టి ఏ రోజూ మానుకోవడానికి సాకు దొరకదు.

పెన్ డ్రైవు విషయంలో ఒక మాట. 32 జీబీ, అంతకన్నా చిన్నవి సాధారణంగా ఫ్యాట్32 ఫార్మాట్‌తో వస్తాయి. దానిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. డ్రైవు ఖాళీగానే ఉన్నా ఫైలు పెద్దదైందని తిప్పి కొడుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చుకుంటే సరిపోతుంది. కానీ ఏళ్ల తరబడి దాచడానికి పెన్ డ్రైవు తగదు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొనండి. దాన్ని నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. సెకనుకు 100 ఎంబీల లెక్కన అరవై జీబీ పది నిమిషాల్లో దిగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 30 ఎంబీలే వస్తే అరగంట పైమాటే. ఇంటర్నెట్‌లోకి ఎక్కిద్దామంటే, అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న లైను మీద దాదాపు ఆరు గంటల నలభై నిమిషాలు. అందుకే క్లౌడ్‌లోకి డేటా ఫోల్డరే పంపడం తెలివైన పని. కాపీ అయ్యాక విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండుతో అసలు ఫైలుకూ కాపీకీ ఎస్‌హెచ్ఏ256 లెక్క (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తీసి పోల్చండి. 64 అక్షరాలూ కలిస్తే కాపీ సరిగ్గా దిగినట్టు. లోపలి లెక్కలు తాజావో కావో ఇది చెప్పదు.

డిస్కులు రెండు ఉండాలి, వారం మార్చి వారం వాడాలి. పని కాగానే వైరు పీకేయాలి. డబ్బు గుంజడానికి ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ అనే వైరస్, తగిలించి ఉంచిన డిస్కుకు కూడా తాళం వేసేస్తుంది. ఒక ఫోల్డరును ఇంకో ఫోల్డరుకు అద్దంలా సరిచేసే మిర్రర్ పద్ధతి కూడా ఇలాగే దెబ్బ కొడుతుంది. ఇక్కడ పొరపాటున తుడిచింది అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ ఫోల్డర్లదీ అదే ధోరణి, కొన్నాళ్లు రీసైకిల్ బిన్‌లో ఉంచడం ఒక్కటే తేడా.

రెండో డిస్కు ఎక్కడ దాచాలనేది మన జిల్లాలో చిన్న ప్రశ్న కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు మార్గమే దెబ్బతింది. నెల్లూరులో షాపు, కోవూరులో ఇల్లు ఉన్నవాళ్లు ఒక డిస్కు షాపులో, ఒకటి ఇంట్లో పెట్టుకుని రెండు చోట్ల ఉన్నాయని నిశ్చింతగా ఉంటారు. రెండు ఊళ్లకూ నది ఒకటే. కావలిలోనో ఒంగోలులోనో ఉన్న బంధువుల ఇంట్లో ఒకటి ఉంచడం మేలు. పెద్దవాళ్లకు జరిగిందీ చూడండి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటరు తగలబడితే, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లకు బయట ఎక్కడా నకలు లేకపోయింది.

ఇక రీస్టోర్. కాపీలు తీసేవాళ్లలోనూ దీన్ని ఒక్కసారైనా చేసి చూసినవాళ్లు అరుదు. అసలు కంప్యూటర్ ఇమేజ్‌కు క్లోన్‌జిల్లా, వీమ్ ఏజెంట్ ఉచితంగా దొరుకుతాయి. మేక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌ను కంపెనీ నిలిపేసింది, దాన్నే నమ్ముకున్నవాళ్లు మారాలి. ఏది వాడినా దాని రికవరీ పెన్ డ్రైవు ముందే చేసి, దాంతో కంప్యూటర్ బూట్ అవుతుందో లేదో చూసి పెట్టుకోవాలి. ఇమేజ్ తీసిన డిస్కు కన్నా కొత్త డిస్కు చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. ఇమేజ్ దిగినా విండోస్ నీలం తెర చూపించి బూట్ డివైస్ అందడం లేదంటే, ముందు బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే సెట్టింగుల తెర) స్టోరేజ్ సెట్టింగ్ చూడండి. డిస్కుతో మాట్లాడే పద్ధతి పాత దానిలో ఏహెచ్‌సీఐ అయి కొత్త ఇంటెల్ బోర్డులో వీఎండీ ఆన్‌లో ఉంటే ఇలాగే అవుతుంది.

విండోస్ 11 వచ్చాక ఇంకో తాళం చేరింది. 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషిన్లలో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బోర్డు పోయి డిస్కును వేరే దాంట్లో పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లాగిన్ అయిన ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా కంప్యూటర్ బిగించిన కుర్రాడి మెయిల్‌తో తెరిచిందైతే, మీ లెక్కల తాళంచెవి అతని దగ్గర ఉన్నట్టు. ఈరోజే ఆ కీ ప్రింటు తీసి బీరువాలో పెట్టండి.

వర్చువల్ మెషిన్ రీస్టోర్‌ను ఇంకో కంప్యూటర్ మీద చేసి చూడాలి. అందులో పాత దాంట్లో ఉన్న వర్చువల్‌బాక్స్ వెర్షనే గానీ అంతకన్నా కొత్తది గానీ వేయండి. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంటే మెషిన్ స్టార్టే కాదు. ఓవీఏను ఇంపోర్ట్ చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) సంగతి అడుగుతుంది. లైసెన్సు దాని మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్ ఉంటే పాత అడ్రస్‌లే ఉంచమనాలి, ఉత్త వాడుకకైతే కొత్తవి ఇచ్చినా ఫర్వాలేదు. వర్చువల్ మెషిన్‌ను నేరుగా షాపు నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జ్ నెట్‌వర్క్ పెట్టుకున్నవాళ్లకు పాత కార్డు పేరు కొత్త కంప్యూటర్‌లో దొరక్క ఎర్రర్ వస్తుంది, సెట్టింగ్స్‌లో ఉన్న కార్డును ఎంచుకుంటే పోతుంది. కాటాకు కలిపిన మెషిన్‌లో అసలు చిక్కు కామ్ పోర్టు. పాత కంప్యూటర్‌లో యూఎస్‌బీ-సీరియల్ వైరుకు కామ్3 అని నంబరు పడి ఉండొచ్చు, కొత్త దాంట్లో కామ్5 పడుతుంది. వర్చువల్ మెషిన్ కామ్3 కోసం వెతికి, దొరక్క, స్టార్ట్ కావడానికే నిరాకరిస్తుంది. డివైస్ మేనేజర్‌లో వైరు నంబరును కామ్3కి మార్చినా సరే, మెషిన్ సెట్టింగ్స్‌లో కామ్5 అని రాసినా సరే. యూఎస్‌బీ లాకుతో (లైసెన్సు కోసం పోర్టులో పెట్టే చిన్న పరికరం) నడిచే సాఫ్ట్‌వేర్ అయితే ఆ లాకును లోపలికి పంపే యూఎస్‌బీ ఫిల్టరునూ సరిచూడాలి. ఇవన్నీ అయ్యాక ప్రోగ్రామ్ తెరిచి, చివరి బిల్లు నంబరు నిన్నటి కాగితం బిల్లుతో కలుస్తుందో లేదో చూడండి. ఒక బిల్లు ప్రింటు తీయండి, కాటా మీద ఒక మనిషిని నిలబెట్టి తూకం తెర మీద పడుతుందో లేదో చూడండి. పరీక్ష కోసం లేపిన మెషిన్‌లో కొత్త బిల్లు మాత్రం కొట్టొద్దు, రేపు ఏది అసలో ఏది నకలో తెలియక తల పట్టుకోవాలి.

ఇది ఎవరిష్టం వాళ్లదని వదిలేసే సంగతి కూడా కాదు. జీఎస్టీ రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కంపెనీలుగా రిజిస్టరైనవాళ్లకు, ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్‌ను రోజూ భారత్‌లోనే ఉన్న సర్వర్లలో ఉంచాలని 2022 ఆగస్టులో సవరించిన నియమాలు చెబుతున్నాయి.

రైస్ మిల్లర్ల సంఘాలు, వర్తక సంఘాలు అక్టోబరుకు ముందు ఒక ఆదివారం సభ్యుల చేత ఈ రీస్టోర్ చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. కంప్యూటర్ అమ్మేవాళ్లకూ ఒక విన్నపం. కొత్త మెషిన్ బిగించి వచ్చేటప్పుడు బూట్ అవుతుందని చూసిన రికవరీ పెన్ డ్రైవు, 48 అంకెల కీ ఉన్న కాగితం, వర్చువల్ మెషిన్ ఫోల్డరు ఎక్కడుందో కామ్ పోర్టు నంబరు ఎంతో రాసిన చీటీ యజమాని చేతికిచ్చి, అందినట్టు బిల్లు వెనక సంతకం తీసుకోండి.

ఇట్లు,
కంప్యూటర్ల మరమ్మతు, డేటా రికవరీ పని చేసేవాళ్లం,
నెల్లూరు.