యాభై శాతం అంటే ఏంటసలు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏఐ గురించి పేపర్లో రోజూ వస్తోంది గానీ దానికి తెలియనప్పుడు ఏం చేస్తుందో ఎవరూ రాయట్లేదండి. మొన్న ఫోన్లో వాన ఛాన్స్ 50 శాతం అని చూపిస్తే డాబా మీద మిరపకాయలు తియ్యాలా వద్దా అని మా అమ్మ అడిగింది, అది నిజంగా సగం సగమా లేక ఏం తెలీక అలా అందా అంటే నేనేం చెప్పను? ఈ తేడా కోసమే గ్లెన్ షేఫర్ అనే పరిశోధకుడు 1976లో, డెంప్‌స్టర్ అనే గణాంక శాస్త్రవేత్త పనిని పట్టుకుని, తెలియని వాటాని విడిగా పక్కన పెట్టే లెక్క కట్టాడు. స్టాన్‌ఫర్డ్ వాళ్ల మైసిన్ అనే, ఇన్ఫెక్షన్లు కనిపెట్టే పాత ఏఐ ప్రోగ్రామ్‌లో అయితే ఒక గుర్తు 0.6, ఇంకోటి 0.5 నమ్మకమిస్తే కలిపి 0.8 (మిగిలిన 0.4లో సగం కలుపుతారన్నమాట), కొంచెం నాటు లెక్కే అనుకోండి. లోట్ఫీ జాదే అనే ఆయన 1965లో తెచ్చిన ఫజ్జీ లెక్క వేరే సంగతి, అది "కొంచెం ఎండాయి" లాంటి గీత గీయలేని మాటలకి. ఇవన్నీ ఒక ఆదివారం తెలుగులో వెయ్యండి సార్. మిరపకాయలైతే తీసేశాం, వాన రాలేదు.

మీ పాఠకుడు, గుంటూరు