డబ్బు పాఠంలో బేరం ఆగిపోవాలి

సంపాదకులకు,

బెజవాడ, గుంటూరు బళ్లలోనూ వేసవి శిబిరాల్లోనూ ‘డబ్బు విలువ’ పాఠం మామూలుగా ఒకే తీరులో సాగుతుంది. ప్లాస్టిక్ నాణేలు, రంగు నోట్లు పంచుతారు, కొట్టు ఆట ఆడిస్తారు, చివర్లో ఒక డిబ్బీ చేతికిచ్చి పంపేస్తారు. పొదుపు మంచిదే, కాదనం. కానీ ఆ ఆటలో అన్నీ సాఫీగా జరిగిపోతాయి. డబ్బు ఎందుకు పుట్టిందో, ఎలా చెడుతుందో పిల్లలకు తెలియాలంటే బేరం మధ్యలో ఆగిపోవాలి, లెక్క తప్పాలి, నాణెం మోసం చేయాలి. సాంఘిక శాస్త్రం, లెక్కలు చెప్పేవాళ్లంగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

మొదట వస్తుమార్పిడి. ఆరుగురు పిల్లలు, ఆరు సరుకులు: ఎండుమిర్చి, ఉప్పు, పసుపు కొమ్ములు, కందిపప్పు, బెల్లం, గుడ్డముక్కలు. ఒక్కొక్కరికి తన సరుకువి ఐదు పొట్లాలు, తనకేం కావాలో రాసిన చీటీ ఒకటి. చీటీలు గొలుసుకట్టుగా రాయాలి. మిర్చి ఉన్నవాడికి ఉప్పు కావాలి, ఉప్పు ఉన్నవాడికి పసుపు, అలా తిరిగి తిరిగి గుడ్డ ఉన్నవాడికి మిర్చి కావాలి. చాలామంది ఇక్కడే జంటలు కుదిరేలా రాసేస్తారు. అప్పుడు ఐదు నిమిషాల్లో బేరాలన్నీ తెగి, ‘పాతకాలమే హాయి’ అనుకుంటూ పిల్లలు లేచిపోతారు. గొలుసుకట్టుగా రాస్తే ఏ ఇద్దరికీ పొసగదు. కాసేపు గోల గోల. ఆ తర్వాత ఎవరో ఒకరు తమకు అక్కర్లేని సరుకు పుచ్చుకుంటారు, దాన్ని ఇంకొకరికిచ్చి కావలసింది తెచ్చుకోవచ్చని. ఆట అక్కడ ఆపి అడగాలి: నీకక్కర్లేనిది ఎందుకు తీసుకున్నావురా అని. ఆ గదిలో ఆ సరుకే డబ్బయింది. అది మిర్చే అయితే మరీ మంచిది. మర్నాటికి తొడిమలూడి, గింజలు రాలి, విరిగిన కాయను ఎవరూ పుచ్చుకోరు. చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకుంటారు కాబట్టి చిన్నపిల్లలకు మిర్చి బదులు చింతగింజలివ్వండి. ఎక్కడో మాల్దీవుల నుంచి వచ్చిన గవ్వలు మన దేశంలో చిల్లరగా ఎందుకు చెల్లాయో అప్పుడు చెబితే ఎక్కుతుంది. అవి కుళ్లవు, అన్నీ ఇంచుమించు ఒకే సైజు, ఇంట్లో తయారు చేసుకుందామంటే కుదరదు. ‘చిల్లిగవ్వ లేదు’ అన్న మాట పిల్లలకు వేరే విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక అసలు పని మట్టితో. ముప్పైమందికి రాళ్లు ఏరేసిన 2 కిలోల బంకమట్టి చాలు. 10 గ్రాముల చొప్పున తూచి తలా ఆరు బిళ్లలు చేయించాలి. అచ్చుకు పెన్సిల్ రబ్బరు సరిపోతుంది. శాతవాహనుల సీసపు నాణేల మీద కనిపించే ఉజ్జయిని గుర్తు రబ్బరు మీద చెక్కడానికి తేలిక: కూడిక గుర్తులా రెండు గీతలు, నాలుగు కొసల్లో నాలుగు సున్నాలు. బాగా చెక్కగలిగిన పిల్లలు శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీది ఓడ బొమ్మ కూడా ప్రయత్నించవచ్చు. బందరు రోడ్డు బాపు మ్యూజియంలో పాత నాణేలను ఒకసారి దగ్గరగా చూపించి తీసుకొస్తే చేతులు ఆగవు. అక్షరాలు చెక్కేవాళ్లు తిరగేసి చెక్కాలన్నది మర్చిపోతారు. చెప్పకండి. ‘క’ అద్దంలో బొమ్మలా పడ్డాక ఆ పాఠం జన్మలో మరవరు. అచ్చుకు ముగ్గుపిండి అద్దకపోతే మట్టి అంటుకుని బొమ్మ చెదురుతుంది. ఎండలో పెడితే అంచులు బీటలిస్తాయి. పాత పేపర్ల మధ్య నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి. 10 గ్రాముల బిళ్ల ఆరాక 8 గ్రాముల దాకా దిగుతుంది. ఎందుకు తగ్గిందో వాళ్లనే చెప్పనివ్వండి.

ఇందులో టీచరు చేయాల్సిన దొంగపని ఒకటుంది. ఒక జట్టుకిచ్చే మట్టిలో, మూడు గిన్నెలకు ఒక గిన్నె చొప్పున వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టు ముందే కలిపేయాలి. ఆ జట్టుకు తూకం లేదు, తోటివాళ్ల బిళ్లంత సైజులో చేయమంటే చాలు. ఆరాక అన్నింటికీ పైన ఎర్రమట్టి నీళ్లు పూయాలి, లేకపోతే పొట్టు కనబడి గుట్టు రట్టవుతుంది. బజారు ఆట మొదలైన కాసేపటికి ఒకరి చేతికి బిళ్ల తేలిగ్గా తగులుతుంది. అప్పుడు తక్కెడ బయటికి తీయాలి. వంటింటి డిజిటల్ కాటా గ్రాము లోపు తేడా పట్టదు కాబట్టి విడిగా కాక పదేసి తూచాలి. ఇక చూడండి, బరువైన బిళ్లలన్నీ జేబుల్లోకి పోతాయి, పొట్టువి మాత్రమే చేతులు మారుతుంటాయి. చెడ్డ డబ్బు మంచి డబ్బును బజారు నుంచి తరిమేస్తుందనే గ్రెషామ్ సూత్రం ఇదే. కాలేజీలో బట్టీ పట్టేదాన్ని ఆరో తరగతి పిల్లలు తమంతట తామే చేసి చూపిస్తారు.

అణాల లెక్క అంతకంటే సరదా. 5 రూపాయల 10 అణాలు, 3 రూపాయల 9 అణాలు కూడమంటే సగంమంది పదికే రూపాయి కట్టి 9 రూపాయల 9 అణాలంటారు. 16 అణాలకు గానీ రూపాయి కాదు, జవాబు 9 రూపాయల 3 అణాలు. పదహారణాల తెలుగుదనం అనే మాటకు లెక్క అక్కడ దొరుకుతుంది. రూపాయిని ముగ్గురికి పంచమనండి. అణాకు 12 పైల చొప్పున రూపాయికి 192 పైలు కాబట్టి తలా 5 అణాల 4 పైలు, మిగులు లేదు. 1957 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన వంద పైసల రూపాయిలో తలా 33, ఒకటి మిగులుతుంది. బేడకు, అంటే రెండు అణాలకు, కొత్త లెక్కలో పన్నెండున్నర నయాపైసలు. ఆ అర పైస కొట్టువాడిదా, కొన్నవాడిదా? తగువు పెట్టి తమాషా చూడండి.

నోట్లతో మాత్రం జాగ్రత్త. కలర్ జిరాక్స్ తీసి పంచడం తప్పు. అసలు నోటును పోలినవి తయారు చేయడం భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద నేరం. పిల్లల చేత సొంత బొమ్మలతో నోట్లు గీయించండి. అసలు నోటు చూపించాలంటే కొత్తది తేవాలి. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమితే వంద నోటు అంచున నాలుగు గీతలు, ఐదొందల నోటుకు ఐదు తగులుతాయి. నలిగిన నోటులో ఆ ఉబ్బు అరిగిపోయి ఉంటుంది. నాణేల మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది. పది రూపాయల బిళ్ల ‘చెల్లదు’ అనే కొట్టువాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. ఎన్ని రకాలు దొరుకుతాయో పిల్లలను వెతకమనండి.

మీకో విన్నపం. ఆదివారం పిల్లల పేజీలో 16 గడుల రూపాయి పట్టీ ఒకటి అచ్చు వేయండి. ఒక్కో గడి ఒక అణా. దాన్ని నాలుగు కానీలుగా విడగొట్టి, పావలా, అర్ధరూపాయి, ముప్పావలా దగ్గర గీత లావుగా ఉండాలి. పేపరు పల్చన కాబట్టి కత్తిరించే ముందు అట్టకు అంటించుకోమని కింద ఒక వాక్యం వేస్తే చాలు.

— కొందరు ఉపాధ్యాయులు, విజయవాడ