పాత హోమ్ థియేటర్‌లో ముందుగా మార్చవలసిందేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక సాంకేతిక పుటలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, పదేళ్లు దాటిన హోమ్ థియేటర్ స్పీకర్లను తీసివేసి వాటి స్థానంలో ఒక సౌండ్‌బార్ పెట్టుకోవడమే తక్కువ ఖర్చుతో అయ్యే పని అని రచయిత సూచించారు. గది ఇరుకుగా ఉన్నవారికి, గోడల వెంట వైర్లు లాగడం ఇష్టం లేనివారికి ఆ సలహా బాగానే ఉంటుంది. అయితే అయిదు స్పీకర్లు, దిగువ స్వరాల (బేస్) కోసం ఒక సబ్‌వూఫర్ ఉన్న వ్యవస్థ ఇంకా పనిచేస్తూ ఉండగానే దాన్ని పాతసామాను కింద జమకట్టడం నాకు సబబుగా తోచలేదు. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు ఎక్కడ పెడితే చెవికి తేడా తెలుస్తుందో, ఎక్కడ పెడితే వృథా అవుతుందో ఆ వ్యాసంలో లేదు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

పాతబడడంలో స్పీకరుకూ, టీవీ, ప్లేయర్ల నుంచి ధ్వనిని అందుకొని స్పీకర్లకు పంచే రిసీవరుకూ చాలా తేడా ఉంది. అయస్కాంతం, దాని మధ్య కదిలే తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన కోన్ కలిసి పనిచేసే మూవింగ్ కాయిల్ స్పీకరును 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ వివరించారు. ఈనాటి స్పీకర్లలో అత్యధిక భాగం ఇప్పటికీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. కాబట్టి పదిహేనేళ్ల కిందటి మంచి స్పీకరు నేటికీ మంచి స్పీకరే. మారిపోయినవల్లా ధ్వనిని మోసుకొచ్చే దారులు. డీవీడీ 1996లో వచ్చింది, చిత్రాన్నీ ధ్వనినీ ఒకే కేబుల్ మీద పంపే హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణం 2002 చివర్లో వెలువడింది, టీవీ నుంచి రిసీవరుకు అదే కేబుల్ మీద ధ్వనిని వెనక్కి పంపే ఏఆర్‌సీ 2009లోనూ, దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ 2017లోనూ ప్రమాణాల్లో చేరాయి, తల పైనుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ 2014లో ఇళ్లకు చేరింది. ఈ మార్పులన్నీ రిసీవరు వెనుక ఉండే సాకెట్లకూ లోపలి చిప్పులకూ సంబంధించినవి తప్ప, స్పీకరు పెట్టెతో వాటికి నిమిత్తం లేదు.

రిసీవరు పాతదైనంత మాత్రాన దాన్ని కూడా వెంటనే మార్చనక్కరలేదు. పాత రిసీవర్లు అతి స్పష్టమైన 4కే చిత్రాన్ని తమ గుండా పంపలేవు. ప్లేయరును రిసీవరుకు కలిపితే తెర నల్లగా ఉండిపోవడానికి తరచు ఇదే కారణం. దీనికి విరుగుడు, పరికరాలన్నిటినీ నేరుగా టీవీకే కలిపి, టీవీ నుంచి, ధ్వనిని కాంతి రూపంలో పంపే ఒక్క ఆప్టికల్ కేబుల్‌ను రిసీవరుకు తేవడం. 1983లో తోషిబా తెచ్చిన ఆ సన్నని కేబుల్ నేటికీ డాల్బీ డిజిటల్ 5.1ను (అయిదు స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ విడివిడి ధ్వనిని) నిక్షేపంగా మోస్తుంది. కుదించని బహుళ ఛానెళ్ల ధ్వనిని, బ్లూరే డిస్కుల్లోని నాణ్యత తగ్గని ట్రూహెచ్‌డీ ధ్వనిని అది మోయలేని మాట నిజమే కానీ, పైకప్పు స్పీకర్లు లేని పాత 5.1 వ్యవస్థలో ఆ లోటు వల్ల పోయేది స్వల్పం.

అసలు చిక్కు టీవీ మెనూలో ఉంటుంది. చాలా టీవీల్లో ఆడియో అవుట్‌పుట్ మొదట పీసీఎం (టీవీ తానే విప్పి పంపే ధ్వని) మీద ఉంటుంది. ఆప్టికల్ మీద పీసీఎం అంటే కుడి, ఎడమ అనే రెండు ఛానెళ్లే. రిసీవరు ఆ రెంటినే పట్టుకొని తన లెక్కల ప్రకారం అయిదు స్పీకర్లకూ పంచుతుంది. అన్ని స్పీకర్లూ మోగుతుంటాయి కాబట్టి ఇంటివారు చుట్టూ ఆవరించే ధ్వని (సరౌండ్) వస్తోందనే అనుకుంటారు. మాటలు మాత్రం పల్చగా, సంగీతంలో మునిగినట్టు వినిపిస్తాయి. ఆ సెట్టింగును, ధ్వనిని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే బిట్‌స్ట్రీమ్‌కో డాల్బీ డిజిటల్‌కో మార్చి, సినిమా మొదలయ్యాక రిసీవరు ముందున్న చిన్న తెరలో డాల్బీ డిజిటల్ అనే అక్షరాలు వెలిగాయో లేదో చూసుకోవాలి. కొన్ని టీవీలు తమ హెచ్‌డీఎంఐ సాకెట్ల గుండా వచ్చిన ధ్వనిని ఆప్టికల్‌కు రెండు ఛానెళ్లుగానే వదులుతాయి. అప్పుడు ప్లేయరుకు ఆప్టికల్ సాకెట్ ఉంటే దాన్నే నేరుగా రిసీవరుకు కలుపుకోవచ్చు. పైసా ఖర్చు లేని ఈ ఒక్క పని తెలియకనే కొందరు కొత్త వ్యవస్థ కొనేస్తున్నారంటే అతిశయోక్తి కాదు.

ఇక స్పీకర్లలో నిజంగా చెడేవి ఏమిటో చెప్పాలి. కోన్ చుట్టూ ఉండే మెత్తని వలయం రబ్బరుదైతే చాలాకాలం మన్నుతుంది. ఫోమ్‌దైతే పదిహేను, ఇరవై ఏళ్లలో పెళుసెక్కి, వేలితో తాకితే పొడిగా రాలుతుంది. అలా రాలినంత మాత్రాన స్పీకరు పనికిరాకుండా పోయినట్టు కాదు, కొలతకు సరిపడే కొత్త వలయాన్ని అతికిస్తే మళ్లీ పనిచేస్తుంది. అతికించేటప్పుడు కోన్ సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూడడమే ఆ పనిలోని నేర్పు. రెండు చేతులతో కోన్‌ను సమంగా, మృదువుగా నొక్కి వదిలితే లోపల గీసుకుంటున్న శబ్దం రాకూడదు. హెచ్చు స్వరాలు మందగించి, కంచు తాళాల శబ్దం గుడ్డ కప్పినట్టు వస్తుంటే పెట్టె లోపల హెచ్చు, తగ్గు స్వరాలను వేరుచేసే క్రాసోవర్ బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను అనుమానించవచ్చు. అవి చవకైన వస్తువులు. అదే విలువ గల, ప్లస్ మైనస్ భేదం లేని నాన్‌పోలార్ రకాన్ని ఏ మెకానిక్ అయినా మార్చగలడు.

ఇంతకంటే తరచుగా కనిపించేది వైర్లు తారుమారు కావడం. ఒక స్పీకరుకు ఎర్ర వైరు నల్ల సాకెట్‌లో పడితే దాని కోన్ ముందుకు రావలసిన క్షణంలో వెనక్కి పోతుంది. రెండు ముందు స్పీకర్ల బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది, మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయో పోల్చుకోవడం కష్టమవుతుంది. దీన్ని పట్టుకోవడానికి టీవీ రిమోట్‌లో వేసే 1.5 వోల్టుల సెల్లు చాలు. రిసీవరును ఆపి, స్పీకరు వైర్లను దాని వెనుక నుంచి పూర్తిగా ఊడదీసి, ఆ విడి చివరలను సెల్లుకు ఒక్క క్షణం తాకించాలి. ప్లస్‌కు ఎర్ర సాకెట్ నుంచి రావలసిన వైరు తాకినప్పుడు పెద్ద కోన్ బయటికి కదలాలి. లోపలికి కదిలితే ఆ దారిలో ఎక్కడో వైరు తిరగబడింది. స్పీకరు దగ్గర కాకుండా రిసీవరు చివర పరీక్షిస్తే గోడలో దాగిన అతుకుల తప్పులు కూడా బయటపడతాయి.

అమరిక విషయానికొస్తే, కూర్చునే చోటు నుంచి చూసినప్పుడు ముందరి కుడి, ఎడమ స్పీకర్లు మధ్యరేఖకు చెరో 30 డిగ్రీల వద్ద, వెనుక స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు చేసింది. అంటే సరౌండ్ స్పీకర్లు చెవులకు పక్కగా, కొంచెం వెనకగా ఉండాలి. అవి వెనుక గోడ మూలల్లో పైకప్పును తాకుతూ వేలాడుతున్న ఇళ్లే ఎక్కువ. సంభాషణల్లో అధిక భాగం మోసే సెంటర్ స్పీకరును మనవాళ్లు టీవీ స్టాండ్ కింది అరలో లోపలికి తోసి పెడతారు. అప్పుడు దాని గొంతు మనుషుల మోకాళ్లకు వినిపిస్తుంది. దాన్ని అర అంచు దాకా ముందుకు జరిపి, అడుగున చిన్న రబ్బరు ముక్క పెట్టి చెవుల వైపు ఎత్తితే డైలాగులు అర్థం కావడం లేదనే ఫిర్యాదు చాలావరకు తీరుతుంది.

సబ్‌వూఫర్‌కు చోటు వెదికే పాత పద్ధతి కొంచెం నవ్వు పుట్టిస్తుంది కానీ చక్కగా పనిచేస్తుంది. సబ్‌వూఫర్‌ను మనం కూర్చునే సోఫా మీదే పెట్టి, బేస్ ఎక్కువగా ఉన్న పాట ఒకటి మళ్లీ మళ్లీ మోగిస్తూ, దాన్ని ఉంచడానికి వీలున్న చోట్లన్నిటి దగ్గరా నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ ప్రతి స్వరమూ సమంగా, ఉబ్బు లేకుండా వినిపిస్తుందో అదే దాని చోటు. గది మూలలో పెడితే మోత పెరుగుతుంది గానీ కొన్ని స్వరాలు అదేపనిగా గుంయిమంటాయి.

ఆ తరువాత రిసీవరు మెనూలో చిన్న స్పీకర్లన్నిటినీ స్మాల్ అని పెట్టి, క్రాసోవర్‌ను, అంటే స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ స్వరాలను పంచే హద్దు గీతను, 80 హెర్ట్జ్ వద్ద మొదలుపెట్టాలి. స్మాల్ అనే మాట చూసి నొచ్చుకోనక్కరలేదు. ఆ గీత కింది స్వరాల బరువును సబ్‌వూఫర్‌కు అప్పగించమని దానర్థం, అంత దిగువ స్వరాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో చెవి తేలిగ్గా కనిపెట్టలేదు కూడా. మరీ చిన్న స్పీకర్లైతే 120, 150 దాకా పెంచవచ్చు. ధ్వని మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి ఒక్కొక్క స్పీకరు దూరాన్ని టేపుతో కొలిచి మెనూలో నింపాలి. రిసీవరుతో వచ్చిన మైకు ఇంకా దొరికితే ఈ పనంతా అదే చేసిపెడుతుంది.

ఇంత చేశాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు డబ్బు సంగతి. నా అభిప్రాయంలో మొదటి ఖర్చు సబ్‌వూఫర్ మీద పెట్టాలి. పాత సెట్లలో అన్నిటికంటే బలహీనమైనది అదే, పైగా దాన్ని మార్చడం వల్ల మిగతా స్పీకర్ల మీద బరువు తగ్గి అవి కూడా స్పష్టంగా పలుకుతాయి. తన యాంప్లిఫైయర్ తనలోనే ఉన్న సబ్‌వూఫర్ కొంటే రేపు రిసీవరు మారినా అది నిలుస్తుంది. రెండో స్థానం సెంటర్ స్పీకరుది. కాకపోతే అది ముందు స్పీకర్ల కంపెనీదే, వీలైతే అదే వరుసలోదే అయి ఉండాలి, లేకుంటే తెర మీద మనిషి ఇటునుంచి అటు నడుస్తుంటే మధ్యలో గొంతు మారుతుంది. అటువంటిది దొరకనప్పుడు నాసిరకం సెంటర్‌ను పూర్తిగా తీసివేసి, మెనూలో సెంటర్ లేదని చెప్పడమే మేలు. రెండు మంచి ముందు స్పీకర్లు మధ్యలో కూర్చున్నవారికి లేని సెంటర్‌ను ఉన్నట్టే వినిపిస్తాయి. రిసీవరు మార్పు మూడోది, అదీ సెకండ్ హ్యాండ్‌లో. కొత్త నమూనా రాగానే పాతదాన్ని వదిలించుకునేవారు ఎక్కడైనా ఉంటారు. వైర్ల సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు: పది మీటర్ల దూరానికి 16 గేజ్ రాగి వైరు రాకపోకల నిరోధం పావు ఓమ్ చిల్లర మాత్రమే, 8 ఓమ్‌ల స్పీకరుకు అది లెక్కలోకి రాదు.

నేను చెప్పినదంతా వర్తించని రకం ఒకటుంది. డీవీడీ ప్లేయరు, యాంప్లిఫైయరు ఒకే డబ్బాలో ఉండి, అరచేయంత స్పీకర్లతో కలిపి అమ్మిన సెట్లు కూడా హోమ్ థియేటర్లుగానే చెలామణి అయ్యాయి. వాటి స్పీకర్లలో చాలా వాటి నిరోధం 3, 4 ఓమ్‌లు. 6, 8 ఓమ్‌లకు తయారైన రిసీవరుకు వాటిని తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోవచ్చు. వాటి సబ్‌వూఫర్‌కు తరచు సొంత యాంప్లిఫైయర్ ఉండదు. రిసీవరు సబ్‌వూఫర్ సాకెట్ నుంచి వచ్చేది బలహీనమైన సంకేతం మాత్రమే కనుక, అటువంటి డబ్బాను దానికి కలిపినా మూగగానే ఉంటుంది. ఈ సెట్లు ఉన్నవారు భాగాలు మార్చే ఆలోచన మానుకోవాలి. వెనుక ఆప్టికల్ సాకెట్ ఉంటే ఉన్నంతకాలం అలాగే వాడుకొని, డబ్బు కూడినప్పుడు రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక పాత రిసీవరుతో కొత్తగా మొదలుపెట్టి, మిగిలినవి ఒక్కొక్కటే చేర్చుకోవడం ఉత్తమం. ఇక్కడ మాత్రం మీ వ్యాసకర్తతో నాకు సగం ఏకీభావమే.

చివరిగా మీకొక విన్నపం. మీ పుటలో స్పీకర్ల పరిచయాలు వచ్చినప్పుడు వాటి వాట్ల సంఖ్యే పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. వాట్లు రెట్టింపైతే పెరిగే ధ్వని 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరిట ముద్రించే వేల వాట్లకు ఏ స్థిరమైన కొలమానమూ లేదు. వాటికి బదులు నిలకడైన శక్తిని తెలిపే ఆర్ఎంఎస్ వాట్లు, నిరోధం ఎన్ని ఓమ్‌లు, ఒక వాటుకు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌లు ఇస్తుంది, ఎన్ని హెర్ట్జ్ దాకా కిందికి దిగుతుంది అనే వివరాలు ప్రచురిస్తే, ఇంట్లో ఉన్న పాత రిసీవరుకు ఆ స్పీకరు జత కుదురుతుందో లేదో పాఠకులు కొనకముందే చూసుకోగలుగుతారు. తయారీదారు ఆ వివరాలు ఇవ్వకపోతే ఇవ్వలేదని రాసినా మాకు ఉపయోగమే.

ఇట్లు,
మీ పాఠకుడు