కుంజుమ్ దారిలో నీళ్లలోకి దిగిన లారీ డ్రైవరన్నకు

హిమాచల్‌లో గ్రాంఫు నుంచి బాతల్ మీదుగా కుంజుమ్ కనుమకు ఎక్కే కంకర దారి. ఛత్రు దాటాక ఒక వాగులో మా కారు ఇరుక్కుంది. ఎండెక్కే కొద్దీ పైన మంచు కరిగి అక్కడి వాగులు పొంగుతాయి. పొద్దున మడమ తడిసేంత నీరు మధ్యాహ్నానికి పిక్కల దాకా వస్తుంది. ముందు చక్రం గుండ్రాళ్ల సందులో దిగబడి ఊరికే తిరుగుతోంది.

వెనకొచ్చిన లారీ డ్రైవరన్న ఏమీ అడగకుండానే ప్యాంటు మడిచి ఆ చన్నీళ్లలోకి దిగాడు. సైలెన్సర్‌లోకి నీళ్లెక్కుతాయి, ఇంజన్ ఆపొద్దన్నాడు. అడ్డుగా ఉన్న రాయి లాగేసి, గుంతలో పలక రాళ్లు పేర్చాడు. గేజీ పెట్టి ముందు టైర్ల గాలి 32 నుంచి 22కు తగ్గించాడు. టైరు మెత్తబడితే రాయిని పట్టుకుంటుంది. ఫస్ట్ గేర్‌లోనే రావాలి, మధ్యలో క్లచ్ తొక్కకూడదు అని చెప్పి, ముందు నడుస్తూ దారి చూపించాడు.

ఒడ్డెక్కాక చేసింది ఇంకా పెద్ద మేలు. అంత తక్కువ గాలితో పదునైన కంకర మీద పోతే టైరు పక్కగోడ కోసుకుపోతుంది, దానికి పంక్చర్ అతుకు నిలవదు. ఆయన లారీ ఎయిర్ బ్రేక్ ట్యాంకుకు గొట్టం తగిలించి, రెండు టైర్లకూ మళ్లీ గాలి నింపాడు. తడిసిన కాళ్లు వణుకుతున్నా రెండోసారి గేజీ పెట్టి చూశాడు. డబ్బులివ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నాడు.

అన్నా, మీ మేలు మరువలేం. మీరూ మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి.