ద్రాక్ష శిక్షణకు కూలీలనూ పిలవండి

సంపాదకుల వారికి,

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. మూడెకరాల్లో థాంసన్ సీడ్‌లెస్ రకం ద్రాక్ష పందిరి ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో, తీగ కత్తిరిస్తాం.

అక్టోబరు కత్తిరింపు కాగానే మొగ్గలన్నీ ఒకేసారి పగలాలని హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు పూస్తాం. పోయినేడు అలా పూసిన కూలీల్లో ఒకాయన సాయంత్రం ఎప్పటిలాగే క్వార్టర్ తాగాడు. కాసేపటికే ముఖం, మెడ ఎర్రగా కందిపోయి, గుండె దడ పట్టి, అరుగు మీదే కూలబడ్డాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం, బతికాడు. ఈ మందు ముట్టుకున్నవాళ్లు కొన్ని రోజులు మద్యం జోలికి పోకూడదని డాక్టరు చెప్తే నాకు అప్పుడు తెలిసింది! డబ్బా మీద రాసే ఉంది. ఆ సన్నటి అక్షరాలు నేనే చదవలేదు, ఆయనేం చదువుతాడు? అమ్మిన అంగడాయన ఒక్క ముక్క చెప్పలేదు.

శిక్షణలు లేవని కాదు. నేను రెండింటికి పోయాను. రెండూ టౌన్‌లో, హాల్లో, మేం కోతల్లో మునిగిపోయే ఫిబ్రవరి, మార్చిలోనే. తెర మీద బొమ్మలు చూశాం, భోజనం బాగుంది. కత్తెర పట్టేవాళ్లు, మందు పూసేవాళ్లు, కాయ ఊరడానికి గుత్తుల్ని జిబ్బరెల్లిక్ ఆమ్లం ద్రావణంలో ముంచే ఆడవాళ్లు ఒక్కరూ అక్కడ లేరు.

ఇంకో సంగతి. కాపు తేలేది అక్టోబరులో కాదు, ఏప్రిల్ కత్తిరింపు తర్వాత నెలన్నర, రెండు నెలల్లో మొగ్గ లోపలే గుత్తి రూపు కడుతుంది. అప్పుడు నీళ్లు, యూరియా దండిగా ఇస్తే తీగ సాగుతుంది, గుత్తులు తగ్గుతాయి. నేను మూడేళ్లు ఆ పనే చేసి నర్సరీవాళ్లను తిట్టుకున్నాను. మొగ్గను కోసి మైక్రోస్కోపులో చూస్తే ఎన్నో కణుపులో గుత్తి ఉందో తెలుస్తుంది, అక్టోబరులో అక్కడికి కత్తిరించుకోవచ్చు. మేం మాత్రం వేళ్లతో లెక్కపెట్టి, దేవుడి మీద భారం వేసి కోసేస్తాం.

రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు పోయింది. జాతీయ కేంద్రం పుణెలో ఉంది. మాకు దిక్కు వాట్సాప్‌లో వచ్చే నాసిక్ వీడియోలు, అవీ మరాఠీలో.

ఉద్యాన శాఖ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వారు ఏప్రిల్‌లో ఒకరోజు, అక్టోబరు కత్తిరింపుకు ముందు ఒకరోజు ఏదైనా తోటలోనే శిక్షణ పెట్టాలి. ఒక మైక్రోస్కోపు తెస్తే చాలు. తోట నాది ఇస్తాను, వచ్చిన కూలీలకు ఆ పూట కూలీ కూడా నేనే కడతాను.

ఇట్లు,
ఒక ద్రాక్ష రైతు,
గార్లదిన్నె మండలం, అనంతపురం జిల్లా