ఆకాశంలో ఆ పచ్చరంగు ఎక్కడిది?

సంపాదకుడికి,

దీపావళి మరునాడు మీ నల్లగొండ పేజీలో వచ్చిన పటాకుల వార్త చూసి అప్పుడే రాద్దామనుకున్నా, సవరణ వేస్తారేమోనని ఆగాను, వేయలేదు. మందులో రంగుపొడి కలిపితే పైన ఆ రంగు వస్తుందని రాశారు. బట్టలకద్దే రంగు మంటలో పడితే మాడి మసైపోతుంది తప్ప వెలుగుతుందా? నేను బడిలో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పిల్లలు ఆ పేపర్ తెచ్చి "సార్, ఇట్ల రాసిన్రు" అంటే ఏం చెప్పాలి?

రంగులిచ్చేవి లోహ లవణాలు. ఎరుపు స్ట్రాన్షియంది, పచ్చ బేరియంది, పసుపు సోడియంది, నీలం రాగిది. వేడికి ఎలక్ట్రాన్లు పై స్థాయికి పోయి, మళ్లీ కిందికి దిగేటప్పుడు ఆ శక్తిని వెలుగుగా వదులుతాయి. పొయ్యి మీద ఉప్పునీళ్లు పొంగితే మంట పసుపెక్కేది ఉప్పులోని సోడియం వల్లే. నీలం అన్నిటికన్నా కష్టం, వేడి కాస్త ఎక్కువైనా రాగి సమ్మేళనం విరిగి రంగు వెలిసిపోతుంది. కాకరపువ్వొత్తి నుంచి రాలే బంగారు రవ్వలు కాలుతున్న ఇనుప రజను, తెల్లటి మెరుపు అల్యూమినియం.

ఇదంతా పాఠం కోసం రాయడం లేదు. పటాకుల్లో బేరియం లవణాలు వాడొద్దని, లడీలు, అంటే వరుసగా కట్టిన పటాకులు, అమ్మొద్దని, దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లోనే చెప్పింది. 2021లో మళ్లీ గట్టిగా చెప్పింది. మరి మొన్న క్లాక్ టవర్ దిక్కు అర్ధరాత్రి దాకా ఆకాశం పచ్చగా ఎట్లా వెలిగింది? పచ్చ వచ్చిందంటే దాదాపు బేరియమే, దానికి ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. మా వీధి దుకాణంలో ఒక డబ్బా తిరగేసి చూశాను, తయారైన ఊరు లేదు, లోపల ఏ మందుందో లేదు, ధర మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. ఇదేంటని ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. దుకాణాలకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఇసుక బకెట్లు చూస్తారు గానీ సరుకు చూసే నాథుడు లేడు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే, బేరియం విషమని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. చెప్దామంటే బడుల్లో మంట పరీక్ష చేసి చూపించడానికి ఒక బర్నర్, నాలుగు లవణాలు కూడా ఇవ్వరు, ఏటా ఇండెంట్ పెట్టడం, ఏటా అది ఫైల్లో ఉండిపోవడం.

మీరు సవరణ అదే పేజీలో, అదే సైజులో వేయండి. అధికారులు వచ్చే దీపావళికి పర్మిషన్ కాగితం చేతికిచ్చే ముందే డబ్బాలు విప్పి చూడాలి.

ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ